హెడ్మాస్టరు గారి కాఫీ మిషను

“నువ్వు నోరు మెదపొద్దప్పా. విచారణలో నేనే చెప్తా” అని మా హెడ్మాస్టరు గారు పెనుకొండ స్కూలు వరండాలో నా భుజం మీద చెయ్యేసి మాట ఇచ్చారు. అదే స్కూల్లో టీచరునైన నాకు అప్పుడే పెళ్లి కుదిరింది. ఆ మాట నిలబెట్టుకోకుండానే ఆయన పోయిన నెల హిందూపురంలో, తన ఇంట్లో, పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు. ఫోను చేసి చెప్పిన పూర్వ విద్యార్థి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఏడవలేదు. “ఎన్నింటికి తీస్తారు?” అని అడిగాను.

ఆయన జ్ఞాపకార్థం వేస్తున్న ఈ సంచికకు నాలుగు మంచి మాటలు రాయమని అదే విద్యార్థి తర్వాత నన్ను కోరాడు. మంచి మాటలు ఉన్నాయి, రాస్తాను. మిగతావీ రాస్తాను. ఉద్యోగం పోయాక బతుకంతా ప్రెస్సులో పరాయి వాళ్ల ప్రూఫులు దిద్దినవాణ్ని. ఈ ఒక్కసారికి నా వాక్యాల జోలికి ఎవరూ రాకుంటే సంతోషం.

ఆ విచారణ సంగతి తెలియని పాఠకులు ఉంటారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో లెక్కల ప్రశ్నపత్రాల కట్టకు వేసిన సీలు ముందే తీసి ఉన్నట్టు బయటపడింది. బీరువా తాళం చెవి ఆ వారం నా దగ్గర ఉండేది. కానీ సీలు తీసింది హెడ్మాస్టరు గారు. ఆయన భార్య తమ్ముడు ఆ ఏడు పరీక్ష రాస్తున్నాడు. లెక్కల్లో అప్పటికే తప్పి ఉన్నాడు. ఇదంతా ఆయనే నాతో చెప్పి, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అధికారుల ముందు తానే ఒప్పుకుంటానన్నారు. నేను నమ్మి నోరు మూసుకున్నాను. విచారణ గదిలో ఆయన చెప్పింది ఇది: “నాకేమీ తెలీదు సార్. తాళం చెవి ఆయన దగ్గరే ఉండింది.”

నా ఉద్యోగం పోయింది. కుదిరిన పెళ్లి తప్పింది, మళ్లీ కుదరలేదు. పేపరు అమ్ముకున్నవాడన్న పేరు మాత్రం నన్ను వదలకుండా పెనుకొండ నుంచి హిందూపురం దాకా వచ్చింది.

చాలా ఏళ్లు ఆయన ముఖం చూడలేదు. రిటైరై హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాక ఒకరోజు కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, నిన్న సాయంత్రమే విడిపోయినట్టు, “ఏమప్పా, ఇంటికి రా, కాఫీ తాగుదాం” అన్నారు. పోయాను. ఎందుకు పోయానో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మాది గొప్ప స్నేహమని ఈ సంచికలోనే ఎవరో ఒకరు రాస్తారు. స్నేహం కోసం పోలేదు. ఆనాటి విచారణ గదిలో ఉన్నవాళ్లలో మా డ్రిల్లు మాస్టరు ఇంకా బతికి ఉన్నారు. ఆయన ముందర, ఇంకో ఇద్దరు ముగ్గురి ముందర, “సీలు తీసింది నేను” అని హెడ్మాస్టరు గారి నోటి నుంచి వినాలి. అది విన్నాక చచ్చిపోయినా నాకు బాధ లేదు. మా ఇద్దరిలో ఎవరు ముందు పోతారో అనుకుంటూ రోజూ ఆ ఇంటి గడప తొక్కాను.

వంటింటి గట్టు మీద ఆ ఎస్ప్రెస్సో మిషను ఉండేది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే బావమరిది, అంటే ఆ లెక్కల పరీక్ష పాసైన తమ్ముడే, బెంగళూరు నుంచి తెప్పించి కానుకగా ఇచ్చాడు. మొదటిసారి ఆ చిన్న కప్పులో కాఫీ ఇచ్చినప్పుడు డ్రిల్లు మాస్టరు దాని లోపలికి తొంగిచూసి, “ఏంది సార్ ఇది, పసిబిడ్డకు ఉగ్గు మాదిరి? పెండ్లిండ్లలో ఇస్తారే నురగ, పైన చాక్లెట్ పొడి, అది కదా ఎస్ప్రెస్సో?” అన్నారు. హెడ్మాస్టరు గారు తరగతిలో తప్పు జవాబు విన్నట్టు కళ్లు మూసుకున్నారు.

ఆయనకు రావలసిన గౌరవం ఇస్తాను. ఆ మిషను విషయంలో ఆయన నిజాయితీపరుడు. మొదట్లో మామూలు ఫిల్టరు కాఫీ పొడి వేశారు. అందులోని చికోరీ జిగురులా పట్టేసి చుక్క దిగలేదు. మరునాడే చిక్కమగళూరు గింజలు తెప్పించి అప్పటికప్పుడు ఆడించుకోవడం మొదలుపెట్టారు. బోరు నీళ్లు దగ్గరికి రానిచ్చేవారు కాదు. మా ఊరి నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా ఎలా పొక్కు కడతాయో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర లేదు. క్యాను నీళ్లే పోసేవారు. “నీళ్లు మంచివి కాకుంటే గింజ ఏం చేస్తుందప్పా” అనేవారు.

పాలు కాగిన వెంటనే, వాటిని కాచిన ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఉత్త ఆవిరి బుస్సుమని వదిలేవారు. “పొంగిన పాలు అందరికీ కనపడతాయి. గొట్టం లోపల ఎండినవి కనపడవు. కనపడనిదాన్నే ముందు కడగాల” అనేవారు. ఈ మాట నాతో అనడానికి ఆయనకు నోరెలా వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. వారానికోసారి పొడి వేసే గిన్నె బదులు రంధ్రాలు లేని గిన్నె బిగించి, సబ్బు పొడి వేసి, నీళ్లను వెనక్కి తన్నించేవారు. నల్లటి నూనె మురికి కింది పళ్లెంలోకి దిగేది. నెలకోసారి మిషను నీళ్ల తొట్టిలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి లోపలి సున్నం కరిగించేవారు. రబ్బరు వాషరును పాత పళ్లబ్రష్షుతో తోమేవారు. ఆ శ్రద్ధలో పదో వంతు ఒక మనిషి పేరు కడగడానికి పెట్టి ఉంటే నాకు మనవళ్లు ఉండేవారు.

చివరి రోజుల్లో ఆయన చేతులు వణికేవి. పొడి అదిమేటప్పుడు సగం గట్టు మీద పడేది. ఆయన నా వైపు చూసేవారు. నేను కిటికీ వైపు చూసేవాణ్ని. ఎంగిలి కప్పులు మాత్రం కడిగిపెట్టేవాణ్ని. మనిషిని అలా చూస్తూ ఊరుకోవడం క్రూరం అని మీకు అనిపించవచ్చు. విచారణ గదిలో నేను ఆయన వైపు చూసినప్పుడు ఆయనా కిటికీ వైపే చూశారు.

ఒక సాయంత్రం, అడగకుండానే, గొట్టం తుడుస్తూ అన్నారు. “ఆదివారం డ్రిల్లు మాస్టరును పిలుస్తాండా. ఇంకో ఇద్దరు స్టూడెంట్లను కూడా. నా చేత్తో కాఫీ ఇచ్చి, ఆ పొద్దు సీలు తీసింది నేనే అని చెప్పేస్తా. నువ్వు ఉండాల.”

“ఉంటా సార్” అన్నాను. అమ్మగారు, అంటే ఆయన భార్య, గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని హెడ్మాస్టరు గారు స్విచ్చి వేశారు. గొంతులో ఎముక ఇరుక్కున్న కుక్కలా మిషను రెండుసార్లు గురగురలాడింది. గోధుమ రంగు చుక్కలు నాలుగు పడ్డాయి. ఆగిపోయింది.

డ్రిల్లు మాస్టరు ముక్కు ఎగబీల్చారు. “సార్, చారు వాసన వస్తాంది!”

“నేనే కడిగినాలే పొద్దున్నే” అన్నారు అమ్మగారు. “అందరూ వస్తాండారు కదా అని చింతపండు పిసికి పోసినా. ఇత్తడి చెంబులకు పనికొచ్చేది దీనికి పనికిరాదా?”

తొట్టి తీసి చూస్తే అడుగున గుజ్జు, పీచు, ఒక గింజ. “గింజ కూడా ఏసినావే తల్లీ!” అని డ్రిల్లు మాస్టరు తొడ చరిచారు. “వానొస్తే మొలుస్తుందిలే!” అందరూ నవ్వారు. హిందూపురంలో చింతపండుకేం కొదవ అని ఎవరో అన్నారు, మళ్లీ నవ్వారు. అమ్మగారు స్టీలు గ్లాసుల్లో చిక్కటి ఫిల్టరు కాఫీ తెచ్చి అందరికీ ఇచ్చారు. నిజం చెప్పాలంటే మిషను కాఫీ కంటే అదే బాగుంది.

నేను గ్లాసు కింద పెట్టి, “సార్, కాఫీ వచ్చింది కదా. చెప్పండి” అన్నాను.

ఆయన స్క్రూడ్రైవరుతో వెనక రేకు విప్పుతున్నారు. “మిషను బాగు కానీ అప్పా. మళ్లా పిలుస్తా కదా.”

“ఏం చెప్పాల?” అన్నారు డ్రిల్లు మాస్టరు.

“ఏమీ లేదు లేప్పా” అన్నారు అమ్మగారు, ఆయన గ్లాసులో ఇంకొంచెం పోస్తూ.

మిషను బెంగళూరుకు పోయింది. పంపు మార్చాలన్నారు. నేను రోజూ పోయి, “పిలవండి సార్, మిషను ఎందుకు?” అనేవాణ్ని. ఆయన ఖాళీ గట్టును గుడ్డతో తుడుస్తూ, “రానీప్పా, వస్తాంది” అనేవారు. మిషను కంటే చావు ముందు వచ్చింది.

కర్మ నాడు మిషను పెట్టె టేపు కూడా విప్పకుండా వంటింటి మూలలో ఉంది. బయట షామియానా కింద ధర్మవరం తమ్ముడు వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడుతున్నాడు. వంటింట్లో అమ్మగారు ఒంటరిగా దొరికారు. అడిగాను.

“అమ్మగారూ, ఆ చింతపండు తెలియక పోసినారా, తెలిసి పోసినారా?”

ఆమె దాచలేదు. అది మెచ్చుకుంటాను. “నిమ్మ ఉప్పు అంగట్లో తెచ్చిచ్చేదే నేనప్పా. నాకు తెలీదా ఏం పొయ్యాలనో? మా తమ్మునికి మనవరాలి పెండ్లి కుదిరి ఉండాది. ఈయన నలుగురిలో ఆ మాట అనింటే వాని తల యాడ పెట్టుకోవాల?”

“నా తల యాడ పెట్టుకున్నానమ్మా ఇన్నేండ్లు?”

“నీది ఎప్పుడో అయిపోయింది కదప్పా” అన్నారు ఆమె, ఏ కోపమూ లేకుండా, ఆరిపోయిన పొయ్యి గురించి చెప్పినట్టు. పెట్టె వైపు చూపించారు. “ఎత్తుకపో. ఆయన ఉంటే నీకే ఇచ్చిండేవారు.”

నేను దాన్ని ముట్టుకోలేదు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. ఆడవాళ్లు ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఒకరు వీపు నిమురుతున్నారు, ఒకరు నీళ్లు తాగిస్తున్నారు. వాళ్ల భుజాల మీదుగా ఆమె నన్నే చూస్తోంది, ఇంకా పోలేదా అన్నట్టు.

హెడ్మాస్టరు గారు నాకు రెండుసార్లు మాట తప్పారు. రెండుసార్లూ పిరికితనమే. పిరికివాడు పోయాక అతని మీద కోపం నిలవదు. పాలు తుడిచిన గుడ్డతో పాటు ఉతికేసుకోవచ్చు. చెప్పాలని ఒక్క ఆదివారమైనా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కాబట్టి ఆయనకు నా నమస్కారం. నేను ఇప్పటికీ నిందించేది ఊరంతా ఓదారుస్తున్న ఆ ఇల్లాలిని, మా హెడ్మాస్టరు గారి భార్యను.