రిహార్సల్ అన్నయ్య, సత్తుపడవ

మారు తాళంచెవులు చేసే అన్నయ్యకు ఒక్కటే జబ్బు. ఏ పనీ నేరుగా చేయడు. ముందు రిహార్సల్ వేసుకుంటాడు, ఆ తర్వాతే అసలు పని. మామూలు మనుషులు తిన్నగా బతికేస్తారు. ఈయన మాత్రం ముందొకసారి బతికి చూసుకుని, ఫరవాలేదనిపిస్తే అప్పుడు బతుకుతాడు. "తాళంచెవికి ఇంకోటి ఉన్నప్పుడు పనికి మాత్రం ఉండొద్దా?" అనేవాడు. వీధంతా ఆయన్ని రిహార్సలన్న అనే పిలిచేది. ఆయనా పలికేవాడు, రెండోసారి పిలిచాక. మొదటి పిలుపు రిహార్సల్ కిందికి వస్తుంది మరి.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళే ముందురోజు సెలూన్‌కి వెళ్ళి, కుర్చీ వెనక్కి వాల్పించుకుని నోరు తెరిచి పడుకున్నాడు.

"గెడ్డం గీయనా అన్నా?" అన్నాడు సెలూన్ అతను.

"వద్దు. నా నోట్లోకి చూసి 'అయ్యో' అను చాలు. అలవాటు పడాలి."

అతను వంగి చూశాడు. చూసి, నిజంగానే "అయ్యో" అన్నాడు. ఆ అయ్యో విన్నాక అన్నయ్య పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకో నెల పట్టింది.

పక్కింటాయనతో ప్రహరీగోడ గొడవ వచ్చినప్పుడు రోజూ స్నానాలగదిలో గొంతెత్తి తగాదా సాధన చేసేవాడు. గోడ అవతల ఆయన అన్నీ వింటూ జవాబులు సిద్ధం చేసుకునేవాడు. తీరా ఎదురుపడ్డ రోజున ఆయనే అన్నాడు, "మీరు మూడోది చెప్పండి, మొదటి రెండింటికీ నిన్నే ఒప్పేసుకున్నాను" అని. మూడోది అన్నయ్యకు గుర్తురాలేదు. ఇద్దరూ టీ తాగి లేచారు.

పెళ్ళి సంగతి అడగడానికి ముందు చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి కాబోయే వదినలా నటించమన్నాడు. చెల్లెలు సిగ్గుపడింది, అలిగింది, ఆలోచించి చెప్తానంది, ఓసారి కాదనేసింది కూడా. అన్నింటికీ తయారై వెళ్ళాడు. ఆ అమ్మాయి వినీ వినగానే "సరేనండీ" అంది. అన్నయ్యే "అలా కాదండీ, ముందు మీరు కాస్త ఆలోచించాలి" అని బతిమాలాడట. వదిన ఇప్పటికీ ఈ సంగతి చెప్పి, "ఆలోచించి ఉండాల్సింది" అంటుంది.

ఈ రిహార్సళ్ళన్నిటికీ తోడు చెల్లెలే. ఆమె దర్జీ. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి కుడి మోకాలు బిగుసుకుపోయి మళ్ళీ వంగలేదు. అందుకని చేత్తో తిప్పే కుట్టుమిషనే వాడేది. అన్నయ్య ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మిషను, కిటికీకి ఎదురుగా రోడ్డు, రోడ్డు దాటితే చెరువు. చెరువంటే చిన్నది కాదు. అవతలి ఒడ్డున చెట్లు వేలెడంత కనిపిస్తాయి. కుట్టు ఆపినప్పుడల్లా ఆమె కళ్ళు అటే పోయేవి. మధ్యాహ్నం పూట నీళ్ళు తళతళలాడుతుంటే సూదిలో దారం ఎక్కించడం కూడా మరిచిపోయేది.

వయసులో ఉన్నప్పుడు ఒకసారి స్నేహితురాళ్ళతో అద్దెపడవ ఎక్కబోయింది. ఊగే పలక మీదుగా నడిచి, పడవలోకి గెంతాలి. పడవవాడు ఆమె కాలు చూసి, "నువ్వొద్దమ్మా, అందర్నీ ముంచుతావు" అన్నాడు. తిట్టాలని కాదు, ఉన్నమాటలాగే అన్నాడు. మిగతావాళ్ళు ఎక్కారు. ఆమె ఒడ్డున కూర్చుని వాళ్ళ చెప్పులకు కాపలా కాసింది. వాళ్ళ నవ్వులు నీళ్ళ మీదుగా చాలాసేపు వినిపించాయి. ఇంటికొచ్చి "ఎలా ఉంది?" అని అడిగిన అన్నయ్యతో "బాగుంది, ఎండ ఎక్కువ" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ కిటికీ దగ్గర్నుంచి మిషను జరపనిచ్చేది కాదు.

ఒకరోజు అన్నయ్య ఊపిరాడకుండా పరుగెత్తుకొచ్చాడు. "చెల్లాయ్! పాతసామాన్ల కొట్టులో ఒక పడవ ఉంది. అల్యూమినియంది. సత్తుగిన్నె సాగదీసినట్టుంది. కింద దాన్ని లాక్కెళ్ళే బండి కూడా ఉంది."

"తేలుతుందా?"

"ప్రస్తుతానికి కుక్కపిల్లలు కాపురముంటున్నాయి."

బేరానికి ముందు మామూలే, రిహార్సల్. చెల్లెలు కొట్టువాడు, అన్నయ్య అన్నయ్యే. కానీ ఆమె పాత్రలో మరీ లీనమైపోయి ఎంతకీ దిగలేదు. "ఇలాంటి పడవ మళ్ళీ దొరకదు బాబూ, నేను అమ్మను" అని మిషను మీద కొట్టింది. అన్నయ్య ముఖం వాడిపోయింది. వంటింట్లోంచి వదిన వచ్చి, "ఏమండీ, ఈ కొట్టు వదిలేసి ఇంకో కొట్టుకు పోరాదూ?" అంది.

అసలు కొట్టువాడు బేరమే ఆడలేదు. తాళంచెవి పోయి ఎన్నాళ్ళుగానో తెరుచుకోని ఇనుపబీరువా ఒకటి చూపించి, "అది తెరిస్తే ఇది పట్టుకుపో" అన్నాడు. బీరువా తెరుచుకుంది. పడవ ఇంటికొచ్చింది. కుక్కపిల్లలు కూడా వెంట రాబోతే వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది.

జేబు చూస్తే చిన్నది, పడవ చూస్తే చిల్లులమయం. అన్నయ్య దాన్ని ఇటుకల మీద ఎత్తి, లోపల నీళ్ళు నింపాడు. కింద ఎక్కడ చుక్క రాలితే అక్కడ చెల్లెలు గుడ్డల మీద గీసే సుద్దతో సున్నా చుట్టింది. కాసేపటికి పడవకు తట్టు పోసినట్టయింది.

వెల్డరు వచ్చి చూశాడు. వీధి చివర షెడ్డు అతనిది, అన్నయ్యకు చిన్ననాటి నేస్తం. "ఈ రేకు మరీ పల్చన. నేను మంట పెట్టానంటే చిల్లి పోయి కిటికీ వస్తుంది. వదులైన రివెట్లు కొట్టి బిగించుకో, జిగురు పూసుకో" అన్నాడు.

పడవను బోర్లించారు. అన్నయ్య ఇనుపదిమ్మె పట్టుకుని కిందికి దూరి రివెట్టు తలకు ఆనిస్తే, చెల్లెలు ముక్కాలిపీట మీద కూర్చుని పైనుంచి సుత్తితో కొట్టేది.

"ముందు ఒకసారి ఉత్తుత్తిగా కొట్టు!" లోపల్నుంచి కుండలోంచి వచ్చినట్టు వచ్చేది ఆయన గొంతు.

"ఉత్తుత్తిగా అంటే?"

"తగలకుండా కొట్టు."

ఆమె తగిలేలాగే కొట్టేది. ఆ మోతకు కింద అన్నయ్య చెవులు సాయంత్రం దాకా గింగురుమనేవి.

కొన్న సరుకంటూ ఉంటే నీళ్ళలో ఊడని జిగురొక్కటే. మిగతాదంతా ఇంట్లోదే, లేదా ఎవరో పారేసిందే. కుళ్ళిన వెనకచెక్క స్థానంలో అన్నయ్య తాళాల దుకాణంలోని పాత బల్ల కోసి బిగించారు. బండికి తుక్కులో దొరికిన స్కూటరు చక్రాలు పెట్టి, బేరింగులు కిరసనాయిలులో కడిగి గ్రీజు దట్టించారు. పడవ ఆనే దుంగలకు చెల్లెలు పాత తివాచీ చుట్టి కుట్టింది. వంట నూనెడబ్బా కనిపించక వదిన వెతుక్కుంటే అది పడవలో నీళ్ళు తోడే డబ్బాగా ఉద్యోగంలో చేరిపోయింది.

నడిమి బల్ల మాత్రం అన్నయ్య సగమే వేశాడు. ఎడమవైపు చెక్క, కుడివైపు ఖాళీ.

"చెక్క చాలలేదా?" అంది చెల్లెలు.

"అదో రకం పద్ధతి" అన్నాడు ఎటో చూస్తూ.

పడవ తయారైంది. చెల్లెలు రెక్సిను ముక్కల మధ్య థర్మోకోలు పెట్టి మూడు తేలుడు కోట్లు కుట్టింది. తనది వేసుకుని అద్దంలో చూసుకుంది కూడా. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని తయారైంది.

"ఈ వారం నువ్వొద్దు చెల్లాయ్, ముందు రిహార్సల్" అన్నాడు అన్నయ్య.

సరేలే అనుకుంది. వెల్డరు తన పాత జీపుకు బండి తగిలించాడు, ఇద్దరూ వెళ్ళారు, తడిసి ముద్దయి వచ్చారు. మరుసటి ఆదివారమూ అంతే. ఆపై ఆదివారమూ అంతే. అన్నయ్య ఒళ్ళంతా నాచు, మోచేతులకు గీతలు, ముఖంలో మాత్రం ఏదో పెద్ద పని చేసొచ్చినట్టు గాంభీర్యం. రేవు వంపు అవతల ఉంటుంది కాబట్టి ఆమె కిటికీకి ఏమీ కనిపించదు. ఆదివారాలు ఆమె అటు చూడటం మానేసింది. కిటికీ రెక్క మూసి, దీపం వేసుకుని కుట్టుకునేది.

"ఆడుకోవడానికి పడవ దొరికింది మీ ఆయనకి" అంది వదినతో. "రివెట్లు కొట్టడానికి మాత్రం నేను కావాలి."

వదిన ఏదో చెప్పబోయి, నాలిక్కరుచుకుని, "కాఫీ తాగుతావా అమ్మాయ్?" అంది.

ఆ తర్వాతి ఆదివారం ఇక ఆగలేకపోయింది. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ఆటో పిలిచి రేవుకు బయల్దేరింది. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకుంది. ఆ లెక్కన రిహార్సల్ ఆ ఇంటి రోగమే.

రేవులో అద్దెపడవల టికెట్ల గది పక్కన దిగి తొంగిచూసింది. పడవ నీళ్ళలో ఉంది. వెల్డరు నడుంలోతులో నిలబడి దాన్ని పట్టుకున్నాడు. ఒడ్డున అన్నయ్య. ఆయన కుడికాలుకు అటూ ఇటూ రెండు చెక్కలు పెట్టి, సైకిలు ట్యూబుతో తొడ నుంచి మడమ దాకా బిగించి కట్టి ఉంది. కాలు కర్రలా నిక్కబొడుచుకుని ఉంది. ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, పడవ అంచు పట్టుకుని, వీపు తిప్పి, కూర్చోబోయి, దబ్బున నీళ్ళలో పడ్డాడు.

"అన్నా, చాలిక," అన్నాడు వెల్డరు, ఆయన్ని చొక్కా పట్టుకుని లేపుతూ. "మనిద్దరం అమాంతం ఎత్తి కూర్చోబెడదాం. అయిపోద్దిగా."

"ఎత్తితే ఊరుకుంటుందా? సుత్తి ఉంటుంది దాని చేతిలో. అది తనంతట తను ఎక్కాలి. మొదటిసారే పడిందనుకో, నవ్వేసి ఇంటికి పోతుంది, జన్మలో మళ్ళీ రానంటుంది. నాకు తెలీదా దాని సంగతి? పడేదేదో నేనే పడతాను. ఊఁ, పట్టుకో."

మళ్ళీ ఎక్కబోయాడు. మళ్ళీ పడ్డాడు. లేచి నోట్లో నీళ్ళు ఉమ్మి, "ఎడమచేత్తో పట్టుకుంటే తిరగబడుతోంది. కుడిచేత్తో చూద్దాం" అన్నాడు.

చెల్లెలు టికెట్ల గది గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కూర్చుకొచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. సగం బల్ల ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ ఖాళీ తన కాలు చాపుకోవడానికి. సరిగ్గా అప్పుడే అన్నయ్య మరోసారి, ఈసారి కుడిచేత్తో పట్టుకుని, అంతకంటే ఘోరంగా పడ్డాడు. ఆమెకు నవ్వాగలేదు.

ఆ నవ్వు విని ఇద్దరూ తిరిగి చూశారు. అన్నయ్య దొంగతనంలో దొరికినవాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాలు మాత్రం వెనక్కి పెట్టుకోవడానికి వీల్లేకపోయింది.

"అన్నయ్యా," అందామె దగ్గరికొస్తూ, "పడవను ముందు నీళ్ళలోకి ఎందుకు దించుతున్నారు?"

"ఎక్కడానికి."

"బండి మీద ఉండగానే, ఒడ్డు మీదే ఎక్కి కూర్చుంటే? తర్వాత బండిని నీళ్ళలోకి వెనక్కి తోస్తే పడవ దానంతటదే తేలదూ?"

వెల్డరు అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య తన కాలి వైపు చూసుకున్నాడు.

"అది... ఆ రిహార్సల్ వచ్చేవారం పెట్టుకున్నాం" అన్నాడు.

పడవను మళ్ళీ బండి మీదికి లాగారు. బండి ఎత్తు తక్కువ, అంచు ఆమె తొడల దాకే వస్తుంది. ఆమె వీపు తిప్పి, మంచం అంచున కూర్చున్నట్టు కూర్చుని, ఎడమకాలు లోపలికి వేసి, కుడికాలును చేత్తో ఎత్తి పెట్టుకుంది. ఎవరూ పట్టుకోలేదు. అన్నయ్య మాత్రం చేతులు చాచి చుట్టూ పరుగెత్తాడు, పరుగెత్తగలిగినంత. తనూ ఎక్కాడు. వెల్డరు జీపును మెల్లగా వెనక్కి నడిపాడు. చక్రాలు మునిగాయి. కింద తివాచీ దుంగల రాపిడి సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

పల్చటి రేకు కింద నీళ్ళు గలగలమన్నాయి. అరికాలికి ఆ కదలిక తెలుస్తోంది. ఆమె చెయ్యి నీళ్ళలో పెట్టి తియ్యలేదు. కిటికీలోంచి ఇన్నేళ్ళు చూసిన ఆ నీలం దగ్గర్నుంచి నీలమే కాదు. ఆకుపచ్చగా, కాస్త మురికిగా, చల్లగా ఉంది. ఇంత చల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

అన్నయ్య తెడ్లు అందుకున్నాడు. పడవ గిర్రున తిరిగింది. ఇంకోవైపు వేశాడు. ఇంకోవైపు గిర్రున తిరిగింది.

"ఇన్ని ఆదివారాలు ఏం నేర్చుకున్నావన్నయ్యా?"

"ఎక్కడం దాటితే కదా చెల్లాయ్, తెడ్డు దాకా రావడం!"

చెల్లెలు తెడ్లు లాక్కుంది. ఏళ్ళ తరబడి మిషను తిప్పిన చేతులు. రెండు మూడు సార్లు నీళ్ళు చిమ్మినా, ఆ పైన పడవ గుడ్డ చింపినట్టు సూటిగా సాగింది. అన్నయ్య సగం బల్ల మీదికి జరిగాడు. కట్టు విప్పుకోవడం మరిచాడు కాబట్టి, ఆమె కోసం వదిలిన ఖాళీలో తన కాలు చాపుకుని దర్జాగా కూర్చున్నాడు. అవతలి ఒడ్డు చెట్లు వేలెడంత నుంచి జానెడయ్యాయి, మూరెడయ్యాయి.

"ఇక తిప్పుదామా?" అన్నాడు చాలాసేపటికి.

"ఊఁహూఁ."

వాళ్ళు రేవుకొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వెల్డరు పడవను బండి మీదికి లాగి తాళ్ళు కట్టాడు. అన్నయ్య చెయ్యి అందించాడు. "దిగు చెల్లాయ్."

"దిగను" అంది.

"దిగకపోతే ఎలా?"

"ఇలాగే పదండి."

"ఇలాగేనా! రోడ్డు మీదా! దీనికి మనం అసలు..."

"నువ్వు మాట్లాడకు. జీపు మెల్లగా పోనియ్యి తమ్ముడూ" అంది వెల్డరుతో.

జీపు నడక వేగంతో కదిలింది. అన్నయ్య పడవ అంచు పట్టుకుని, కుంటుతూ, "చిన్నగా, చిన్నగా" అని అరుస్తూ పక్కన నడిచాడు. సెలూన్‌లోంచి సగం గెడ్డం నురగతో ఒకాయన బయటికొచ్చాడు. పక్కింటాయన ప్రహరీగోడ ఎక్కి చూశాడు. ఆమె నిటారుగా కూర్చుని, తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరికీ తల ఊపుతూ వచ్చింది.

గుమ్మంలో వదిన, కాఫీగ్లాసుతో. "అమ్మయ్య, చెప్పేశారా! నాకిక కడుపుబ్బు తగ్గింది. దిగమ్మాయ్, కాఫీ చల్లారిపోతుంది."

చెల్లెలు పడవలోంచే చెయ్యి చాపి గ్లాసు అందుకుంది.

"తమ్ముడూ," అంది వెల్డరుతో, ఒక గుక్క తాగి, "ఇంకో వీధి తిప్పుకురా."