మునెప్ప గారి హార్మోనియానికి లప్పం

నాటకాల హార్మోనిస్టు మునెప్ప గారు పోయాక, అభిమానులమంతా కలిసి పుంగనూరులో ఒక గది తీసుకుని మ్యూజియం పెట్టాం. ఈ రోజు మదనపల్లె నుంచి వెళ్లి చూస్తే, ఆయన హార్మోనియం మెట్లు కొత్త రంగుతో మెరుస్తున్నాయి.

తాళంచెవి ఉంచుకునే రెడ్డెప్పను, "ఈ రంగు యాల పూసినావప్పా?" అని అడిగాను.

"ఆయుధపూజ కదన్నా! మెట్లు అరిగి గుంతలు పడుండాయి. సూసేవాళ్లకు బాగుండదని లప్పం పెట్టి రంగేసినా."

నాకు ఒళ్లు మండిపోయింది. జీవితమంతా వాయించి వాయించి ఆయన వేళ్లు చేసిన గుంతలవి! జనానికి చూపించాలనుకున్నదే వాటిని.

నేను అరుస్తూనే ఉన్నాను, రెడ్డెప్ప హార్మోనియానికి కుంకుమబొట్టు పెట్టి, నా చేతిలో బొరుగుల ప్రసాదం పోశాడు.

గదిలో ఆయన శాలువా, కళ్లద్దాలు, చెప్పులు భద్రంగా ఉన్నాయి. ఆయన వేళ్లే లేవు.

మీరైతే ఆ బొరుగులు తినేవాళ్లా?