గౌరికి లైటు

పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా అబద్ధమాడితే అన్నం పలుకవుతుందని మా అమ్మ అనేది. ఇదిగో... మరుగుతోంది. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా నా కళ్ళతో చూసింది, నా చెవులతో విన్నది. నమ్మితే నమ్మండి. నమ్మకపోతే అన్నం తినేసి వెళ్ళండి, మనసులో ఏమీ పెట్టుకోను.

పామర్రు దాటి కాలువ గట్టు వెంట లోపలికి వస్తే మా ఊరు. ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తయ్య. అత్తయ్యకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. వయసంతా ఊకపొయ్యి ముందు గడిపిన మనిషి, పాడవక ఏమవుతాయి. విజయవాడలో డాక్టరు గారు చూసి, రాత్రిళ్ళు ఆక్సిజన్ మిషను పెట్టుకుని తీరాల్సిందే అన్నారు. అది గాలిని లోపలికి పీల్చి, అందులోంచి ఆక్సిజన్ తీసి, సన్న గొట్టంలోంచి ముక్కుకి పంపిస్తుంది. కరెంటు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. కరెంటు పోతే...

మా ఊళ్ళో కరెంటు గాలొస్తే పోతుంది. వానొస్తే పోతుంది. ఏమీ రాకపోయినా పోతుంది.

"నా ఊపిరి తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి కట్టేశారు," అనేది అత్తయ్య.

అందుకని సోలార్ పెట్టించాం. మొదటిసారి దెబ్బతిన్నాం. డాబా మీద పలకలు బిగించారు, బిల్లు తగ్గింది, మురిసిపోయాం. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. పైన ఎండ పెళపెళలాడుతోంది. కింద ఫ్యాను తిరగట్లేదు. పలకలు పెట్టిన ప్రసాద్ గారికి ఫోను చేశాను.

"లైన్లో కరెంటు పోతే ఇది కూడా ఆగిపోద్దండీ. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు వెళ్ళి, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని కొడతది కదండీ," అన్నారు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దా అండీ?"

"మీరు బిల్లు తగ్గాలన్నారండీ. కరెంటు పోకూడదనలేదు."

సరే, మళ్ళీ బ్యాటరీలు తెప్పించాం. వాటికి తగ్గ ఇన్వర్టరు తెప్పించాం. పగలు ఎండ కాసింది కాసినట్టు బ్యాటరీలు నింపుకుని, రాత్రి లైన్లో కరెంటు పోగానే అవి అందుకుంటాయి. ఆ ఇన్వర్టరు ఎక్కడ పెట్టాలనేదాని మీద పెద్ద పంచాయితీ. ప్రసాద్ గారు మెట్ల కింద అన్నారు. అత్తయ్య ససేమిరా అంది.

"అది నిప్పులాంటిది నాయనా. నిప్పు ఆగ్నేయంలో ఉండాలి."

మా ఇంటికి ఆగ్నేయమంటే దొడ్డివైపు వసారా.

"అంత దూరం వైరు లాగాలంటే గోడలు కొట్టాలండీ, మామ్మగారూ."

"ఎందుకు కొట్టడం. చావిట్లోకి వేసిన పాత లైనుంది కదా, దానికి కలుపు."

కలిపేశారు. వాస్తు కుదిరింది, గోడలు మిగిలాయి.

ఆ చావిడి సంగతి చెప్పాలి మీకు. వసారాకి ఆవల మాకు గొడ్లచావిడి ఉండేది. అందులో గౌరి అని ఒక గేదె. నేను కాపురానికొచ్చేటప్పటికే ఉంది. మనిషిని చూస్తే మెడ చాచేది. తొలి చూలుకి ఈనే రాత్రి కరెంటు పోయింది. దూడ అడ్డం తిరిగింది. చీకట్లో ఏది కాలో ఏది తలో తెలియలేదు మా మామయ్యకి. లాంతరు వెతికి వెలిగించి తెచ్చేసరికి... తల్లీ లేదు, దూడా లేదు.

ఆ తరవాత మామయ్య చావిట్లో బల్బు ఆర్పనిచ్చేవారు కాదు. గొడ్డు లేని చావిట్లో, పొద్దు గూకితే బల్బు వెలగాలి. అరవై క్యాండిల్ బల్బు, పసుప్పచ్చటిది. ఆయన పోయాక చావిడి పడగొట్టించాం. వైరు కోసి, దాని కొస గోడలోనే వదిలేసి పైన సిమెంటు మెత్తించారు. అంతే. నేనా సంగతి మర్చిపోయాను.

ఇన్వర్టరుకి చిన్న అద్దం ఉంటుంది. ఇంట్లో ఎంత కరెంటు వాడుతున్నామో అందులో అంకె పడుతుంది. నాకు చదువు తక్కువేగానీ అంకె ఒకసారి చూస్తే మర్చిపోను. మిషను ఒక్కటే నడిస్తే మూడొందలు. ఫ్యాను వేస్తే దాని లెక్క దానిది. అన్నీ ఆపితే సున్నా. పగలు సున్నాయే. పొద్దు గూకాక మాత్రం... అన్నీ ఆపినా అరవై.

మొదటిసారి చూసింది ఎండాకాలంలో, నా కళ్ళే అనుకున్నాను. మర్నాడూ అరవై. ఆ మర్నాడూ అరవై. తెల్లారితే సున్నా. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ఫ్రిజ్ తీశారు, టీవీ తీశారు, దేవుడి గదిలో బుల్లి లైటు కూడా పీకారు. అరవై కదల్లేదు.

"ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీలే కదా రత్నం. అరవై తాగే బల్బు మన కొంపలో ఎక్కడుంది?" అన్నారు.

ప్రసాద్ గారు పగలొచ్చి చూశారు. సున్నా. "రాత్రిళ్ళు మీ ఇంట్లో ఎవరో లైటేసుకుని పరీక్షలకి చదువుతున్నారండీ," అని నవ్వి వెళ్ళిపోయారు.

ఇంక అసలు రాత్రికొస్తాను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు సూర్యుడి మొహం చూడలేదు. లైన్లో కరెంటు పొద్దున్నే పోయింది, స్తంభం పడిందన్నారు. బ్యాటరీలు సగం కూడా నిండలేదు. అలాంటప్పటికని ఇంట్లో చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఒకటి పెట్టుకుంటాం. అది నింపుకురమ్మని పామర్రు పంపించాం... వానకి అక్కడే ఉండిపోయింది. గట్టు మీద నీళ్ళు. అంబులెన్సు వాళ్ళకి ఫోను చేస్తే, కాలువ దాటి రాలేమన్నారు.

రాత్రి భోజనాలయ్యాక అత్తయ్య ఆయాసం ఎక్కువైంది. పెదాలు నల్లబడ్డాయి. మిషను పెట్టాం, కాస్త నిమ్మళించింది. మా ఆయన అద్దంలో బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పే గీతలు చూశారు. నా మొహం చూశారు. ట్రాక్టరు తాళం తీసుకున్నారు.

"ట్రాక్టరైతే నీళ్ళలో పోతుంది. తెల్లారేలోపు సిలిండరు తెస్తాను. నువ్వు అమ్మ దగ్గర్నుంచి కదలకు."

"గట్టు చూసుకుని వెళ్ళండి."

ట్రాక్టరు చప్పుడు వానలో కలిసిపోయింది. ఇంక నేను, అత్తయ్య, మిషను. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేశాను. లైట్లు ఆపేశాను. చేతిలో టార్చి ఒకటి.

మిషను చప్పుడు మీకు తెలియదు. టక్... బుస్స్... టక్... బుస్స్... అదే ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. దాని వెనక అత్తయ్య ఊపిరి, సన్నగా, పిల్లి కూతలా. ఆ రెండూ వింటూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

బీప్... బీప్...

వసారాలోంచి. ఇన్వర్టరు. వెళ్ళి అద్దం మీద టార్చి వేశాను. ఒక్క గీత మిగిలింది. దాని కింద అంకె... మూడొందల అరవై.

ప్రసాద్ గారికి ఫోను. పాపం, నిద్దట్లోంచి లేచారు.

"చివరి గీతంటే గంటో, గంటంబావో వస్తదండీ. లోడు ఎంత తగ్గిస్తే అంత మేలు. ఇంకేమన్నా ఉంటే ఆపెయ్యండి."

"ఆపడానికి ఇంకేం లేదండీ. ఆ అరవై ఒక్కటే ఉంది."

సిగ్నలు పోయింది.

లోపలికొచ్చాను. తెల్లారడానికి ఇంకా గంటన్నర ఉంది. మా ఆయన జాడ లేదు. అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. కళ్ళు మూసుకునే ఉంది. అప్పుడు... పెదాలు కదిలాయి.

"అమ్మాయ్... గౌరికి లైటేశావా?"

దగ్గరికి వంగాను.

"ఏంటత్తయ్యా?"

నిద్రలోనే ఉంది. మిషను తన పని తను చేస్తోంది. టక్... బుస్స్... టక్... బుస్స్...

ఆ బుస్సుకీ టక్కుకీ మధ్యలో... ఇంకో ఊపిరి.

ముందు గాలనుకున్నాను. గాలైతే ఎక్కువా తక్కువా అవుతుంది. ఇది కాలేదు. బరువుగా... లోతుగా... ఒకటి వదిలి, ఆగి, ఇంకోటి. మనిషి ఊపిరి కాదు. అత్తయ్యది కానే కాదు. అది దొడ్డివైపు నుంచి వస్తోంది.

తరవాత గొలుసు. సిమెంటు మీద గొలుసు ఈడ్చినట్టు... గర్ర్... ఆగింది. మళ్ళీ... గర్ర్...

మా ఇంట్లో గొలుసు లేదు. చావిడి పడగొట్టినప్పుడే అమ్మేశాం.

పారిపోదామనుకున్నాను. నిజం చెప్తున్నాను. ఎక్కడికి పోతాను? మంచం మీద అత్తయ్య. చుట్టూ నీళ్ళు. అవతల ఆ బీప్, బీప్. వెళ్ళి వసారా తలుపు తీశాను.

ఎవరూ లేరు.

వాసన... తడిసిన గేదె వాసన. తడి వరిగడ్డి వాసన. ఎరిగిన వాసన కదా, పొరపాటు పడను. చావిడి ఉండే చోట టార్చి వేశాను. వాన, నీళ్ళు, అరటిచెట్లు. కానీ ఆ ఊపిరి నా మొహానికి తగిలింది. వెచ్చగా. అంత చలివానలో... వెచ్చగా తగిలింది.

ఏమైందో ఏమో, భయం సగం పోయింది నాకు. ఆ ఊపిరి నన్నేమీ చెయ్యడానికొచ్చినట్టు లేదు. నొప్పులు పడుతున్నట్టుంది. ఈనే గొడ్డు ఎలా ఊపిరి వదులుతుందో నాకు తెలుసు. నేను కూడా ఒక బిడ్డని కన్నదాన్నే, ఈ చేతుల్లోనే పోగొట్టుకున్నదాన్నే.

వంటింట్లోకి పరిగెత్తాను. కార్తీకమాసం కదా, ప్రమిదలూ వత్తులూ చేతికందేలానే ఉన్నాయి. నువ్వులనూనె పోసి వత్తి వెలిగించాను. గాలికి ఆగదు. పాత ఆవకాయ గాజు జాడీ ఖాళీగా ఉంది, వెడల్పు మూతిది. దీపం అందులోకి దించి, తీసుకెళ్ళి వసారా చివర, చావిడి వైపు గట్టు మీద పెట్టాను.

"ఇదుగో గౌరీ, వెలుతురు," అన్నాను. "ఇది నీది. తెల్లారేదాకా ఆరకుండా నేను చూస్తాను. ఆ కరెంటు మాత్రం అత్తయ్యకి వదిలెయ్యమ్మా. ఆవిడకి ఊపిరాడట్లేదు."

దీపం వణికింది. వంగింది... ఆరిపోతుందనుకున్నాను... నిలబడింది. జాడీ గాజంతా పసుప్పచ్చగా అయింది.

ఊపిరి ఆగింది.

వానే వినిపిస్తోంది. తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు. మెల్లిగా... మెల్లిగా తిప్పి అద్దం వైపు చూశాను.

మూడొందల అరవై.

చూస్తూనే ఉన్నాను.

మూడొందలు.

అక్కడే చతికిలబడ్డాను. అప్పుడు వినిపించింది ఇంకోటి. సన్నగా, తడితడిగా... లేగదూడ మొదటిసారి గొంతు విప్పినట్టు. ఒక్కసారే. పక్కింటి రేకు గాలికి కీచుమని ఉండొచ్చు. ఉండొచ్చు.

ఇంక తెల్లారేదాకా అత్తయ్య దగ్గరికీ దీపం దగ్గరికీ తిరగడమే నా పని. ఇక్కడ చెయ్యి పట్టుకుని చూడ్డం, అక్కడ నూనె పొయ్యడం. బీప్ ఆగలేదు, అంకె పెరగలేదు. చివరి గీత ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అనుకుంటూనే ఉన్నాను. వాన తగ్గింది. తూర్పున మబ్బు ఓ చేరెడు విచ్చింది. డాబా మీద పలకలకి ఆ కాస్త వెలుతురు సరిపోయింది కాబోలు... బీప్ ఆగిపోయింది.

మిషను చప్పుడొక్కటే మిగిలింది. కూర్చుని ఏడ్చాను. హాయిగా ఏడ్చాను.

ఆ ఏడుపులో ఉండగానే ట్రాక్టరు వచ్చింది. మా ఆయన మోకాళ్ళ దాకా బురదతో, భుజాన సిలిండరుతో పరిగెత్తుకొచ్చి మంచం ముందు నిలబడిపోయారు. అత్తయ్య కళ్ళు తెరిచింది. పెదాలు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"ఆ బురదకాళ్ళతో ఇంట్లోకొచ్చావేంట్రా. అమ్మాయ్, కాఫీ పెట్టావా?" అంది.

గౌరి మాట అడిగితే, నేనెప్పుడన్నానంది.

నీళ్ళు తీశాక ప్రసాద్ గారొచ్చి వసారా గోడ కొట్టి చూశారు. చావిడి వైపు పోయే వైరు అక్కడే ఉంది. ఎప్పుడో కోసి, కొసకి టేపు చుట్టి ఉంది. దానికి ఏ బల్బూ లేదు, ఏమీ లేదు.

"గోడ తడికి కరెంటు లీకయ్యుంటదండీ," అన్నారు.

"ఎండాకాలంలో కూడానా అండీ? పొద్దు గూకాకేనా?"

ఆయన ఫోను లైటు వేసి ఇంకోసారి లోపలికి చూశారు. టేపు పొడిగానే ఉంది. "కొంచెం టీ ఇస్తారా అండీ," అన్నారు.

ఆ పాత లైను మొత్తం పీకేసి కొత్తది వేశారు. ఇంకో బ్యాటరీ పెట్టించాం, సిలిండర్లు ఇప్పుడు రెండు ఉంచుతున్నాం. అద్దంలో అంకె మూడొందలంటే మూడొందలే. కరెంటు పోయిన సంగతి కూడా తెలియట్లేదు మాకు, పక్కింటివాళ్ళు చెప్తే తెలుస్తోంది. రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోతున్నాను.

అరవై పోవడం వైరు పీకినందుకో, దీపం పెట్టినందుకో చెప్పలేను. ఆ రాత్రి వైరు పీకకముందే తగ్గింది కదా... అక్కడే ఆగిపోతుంది నా బుర్ర. ఎందుకొచ్చిన గొడవని రోజూ పొద్దు గూకగానే జాడీలో దీపం పెడుతున్నాను. మా ఆయన నవ్వుతారు. నూనె అయిపోతే మాత్రం అడక్కుండానే తెచ్చి పెడతారు.

మొన్న రాత్రి అత్తయ్యకి గొట్టం సర్దుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్. ఆ రోజు దూడ అరిచిందన్నావే..."

"అరిచినట్టనిపించింది అత్తయ్యా. రేకు చప్పుడేమో మరి."

అత్తయ్య దొడ్డివైపు చెవి పెట్టింది. మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. జాడీలో దీపం కిటికీలోంచి కనిపిస్తోంది.

"పెయ్యా, దున్నా?"

"చూళ్ళేదత్తయ్యా."

"చూడాల్సింది," అని అటు తిరిగి పడుకుంది. కాసేపటికి నిద్రపట్టింది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.