అంగడి తమిళం, ఇంటి తెలుగు

మా పిల్లను ఫోను చెడగొట్టిందని మా ఆడబిడ్డ తీర్పు చెప్పేసింది. బట్టలంగడి ఇంట్లో పుట్టిన పదిహేనేళ్ల పిల్ల, దీపావళికి సొంత అంగడి గుడ్డ వద్దంది, ఫోనులో చూసిందే కావాలంది. అదీ నేరం. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను నిన్నగాక మొన్న వచ్చింది. పిల్లకు చెవులు పుట్టుకతోనే ఉన్నాయి.

పుదుచ్చేరి బజారులో మా అత్తగారి వాళ్లది తాతలనాటి అంగడి. కొనడానికి వచ్చేవాళ్లతో తమిళం మాట్లాడతాం, మాలో మాకు తెలుగు. అరియాంకుప్పం నుంచి బస్సులో వచ్చిన ఏ తల్లికో మా ఆయన, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదని తమిళంలో ఒట్టేసినంత పని చేస్తాడు. మొహం మీది నవ్వు చెదరకుండా నావైపు తిరిగి తెలుగులో, "పాత నిలవ ఇదే. దీన్నే ఇచ్చి పంపెయ్" అంటాడు.

బడి వదలగానే పిల్ల గల్లాపెట్టె పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. దానికి తెలుగు చదవడం రాదు, వినడం బాగా వచ్చు.

"పిల్ల ముందర ఆ మాటలేంది?" అని ఎన్నోసార్లు పోట్లాడాను.

"చిన్నబిడ్డ, దానికేం తెలుస్తాది" అనేవాడు.

ఏ గుడ్డ మంచిదో, ఎందుకు కొనాలో ఇంట్లో దానికి కూర్చోబెట్టి చెప్పింది లేదు. చెప్పబోతే నాకు వ్యాపారం తెలియదన్నారు. అది నేర్చుకున్నదంతా ఆ గల్లా పక్కనే.

పండగ ముందు ఆయన ఒక చుడిదార్ తెచ్చి పిల్ల ముందు పరిచాడు. అలవాటు కొద్దీ తమిళంలో పొగడటం మొదలుపెట్టాడు. కొత్త సరుకట, రంగు పోదట, దాని కోసమే తీసిపెట్టాడట.

పిల్ల గుడ్డను తాకలేదు. "నాయనా, అదే తెలుగులో చెప్పు" అంది.

"యాడ నేర్చినావే ఈ పొగరు?" అంది ఆడబిడ్డ. యాడ నేర్చిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన మొహం చిన్నబోయింది. "నిజంగా కొత్తదేమ్మా. రంగు పోదు" అన్నాడు తెలుగులో, మెల్లగా.

పిల్ల నావైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

నిజమే. ఆ కొత్త సరుకు మూట విప్పింది నేనే. కన్నకూతురి దగ్గర తండ్రి మాటకు నేను సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. దానికీ ఫోనే కారణమంటారేమో.