కంప్యూటరులో నా చావు

చచ్చినవాళ్ళను చూసి భయపడ్డవాళ్ళు చాలామందే ఉంటారు. నా చావు నేనే చూసి, ఊళ్ళు దాటి పరిగెత్తి పరువు పోగొట్టుకున్న ఘనత మాత్రం నాదే. చెబుతాను, నవ్వు చివరిదాకా ఆపుకోండి.

అప్పట్లో విశాఖలో గుండెజబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబులో కొత్తగా చేరాను. ఊరూరా తీసిన నెత్తుటి నమూనాల జన్యు వివరాలను, పేర్లు తీసేసి, ల్యాబులన్నీ పంచుకునేవి. కొత్త పరిశోధకుడు పొద్దెరగడు కదా, పని నేర్చుకుందామని నా నెత్తురే పరీక్షకు పెట్టాను.

ముసురు పట్టిన మధ్యాహ్నం. గదిలో ఏసీ ఒక్కటే మూలుగుతోంది. నా వివరాలను పంచుకున్న డేటాతో పోల్చి చూస్తే, అచ్చం నాలాంటివాడే అందులో ఇంకొకడున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ప్రాంతం కోనసీమ. పక్కన, "మరణించారు. హఠాత్తుగా." నా నెత్తుట్లో కనబడ్డ జన్యు మార్పే అతనికీ ఉంది. దాని మీద "ప్రాణాంతకం కావచ్చు" అని ఎర్ర గుర్తు. తెర అవతల నుంచి నా శవమే నన్ను చూస్తున్నట్టనిపించింది.

అన్నీ వదిలేసి బస్సెక్కాను. దారంతా గుండె మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కోనసీమలోనే ఉన్న పి.గన్నవరంలో మా మేనత్త మంగతాయారు ఇంట్లో దిగాను. కాలేజీ రోజుల్లో నన్ను సాకింది ఆవిడే.

"అత్తా, నాకు కవల ఎవడైనా పుట్టి పోయేడా?"

"నిన్నొక్కణ్ణి కనేటప్పటికే మా వదిన మూడు చెరువుల నీళ్ళు తాగింది. ఇంకోడు కూడానా!"

"మరి అచ్చం నాలాంటివాడు హఠాత్తుగా ఎలా పోయేడు?"

అత్త కొబ్బరి కోరడం ఆపింది. "కాలేజీలో గుండె పరిశోధనవాళ్ళకి నెత్తురిచ్చి, నా ఫోన్ నంబరిచ్చేవు కదూ? ఓసారి వాళ్ళు చేసేరురా."

"ఏం చెప్పేవు?"

"పోయేవని."

చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. అదీ నా చావు, నాకే. పెరట్లో కాకి అరిచింది.

"ఆ పొద్దున నీ నెత్తిన కాకి తన్నింది. చావు కబురు పంపితే, విన్నవాళ్ళు అయ్యో అనాలి, అప్పుడుగానీ దోషం పోదాయె. మనవాళ్ళెవరూ నమ్మరు, అప్పటికే నిన్ను రెండుసార్లు చంపేను. సరిగ్గా అప్పుడే ఆ పరిశోధనవాళ్ళ పిల్లెవరో ఫోన్ చేసి, అబ్బాయిగారి ఆరోగ్యం ఎలా ఉందండీ అంది. చెప్పేసేను. పాపం, ఏడ్చినంత పని చేసింది."

"బతికేడని మళ్ళీ చెప్పలేదా?"

"సాయంత్రం చెబుదామనుకున్నాను. సీరియల్ వచ్చేసింది."

ఆ ఎర్ర గుర్తు నా దొంగ చావును చూసి పెట్టిందే అయ్యుంటుందని నవ్వొచ్చింది. ఆ వెంటనే అసలు భయం పట్టుకుంది. ఆ మార్పే ఉన్న ఎవరికో, మా అత్త అబద్ధాన్ని నమ్మి, ఆయుష్షు తక్కువని డాక్టరు చెప్పేస్తే? డేటా పంపిన కేంద్రానికి ఫోన్ చేశాను.

"మీ దగ్గర చనిపోయినట్టున్నది నేనేనండీ. బతికే ఉన్నాను."

"ఎవరు ఎవరో మాకు తెలియకూడదండీ, పేర్లు తీసేసేం. మళ్ళీ నెత్తురివ్వండి, పాతదానితో సరిపోతే దిద్దుతాం."

"ఆయ్, ఇస్తానండీ. మరి మిగతా ల్యాబుల్లో?"

"ఉత్తరాలు రాస్తామండీ. కానీ కాపీలు దేశదేశాలకీ వెళ్ళిపోయేయి. కొన్నిచోట్ల మీరు పోయే ఉంటారండీ."

ఆ మాటే అత్తకు చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అంటే దేశదేశాల డాక్టర్లూ నమ్మేరా! ఇంకేం నాయనా, నీ దోషం పూర్తిగా పోయినట్టే."

ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఏ పరిశోధనకైనా నెత్తురిస్తాను, అడిగితే గుండె కోసి చూపిస్తాను. మా అత్త ఫోన్ నంబరు మాత్రం జన్మలో ఇవ్వను. ఏ దేశపు కంప్యూటరులోనో ఇంకా చచ్చే ఉన్న నేనే సాక్షిగా, ఇది ఒట్టు.