అద్దెకిచ్చిన నోరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఉదయం లేవగానే వణికే చేతులతో బాటిల్ మూత తీసి, ఆ తర్వాతే పళ్లు తోముకునే మనిషిని మీలో ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు గాని, నా భార్య సుహాసిని మూడేళ్లపాటు రోజూ చూసింది, ఆ మనిషిని నేనే! ఈ రోజు నా కాళ్ల మీద నేను నిలబడి మీతో మాట్లాడుతున్నానంటే అది కేవలం దేవుని కృప, ఆయనకే మహిమ.

అమెరికా వచ్చినప్పటి నుంచీ నేను షార్లెట్ దగ్గర ఒక కార్ రేసింగ్ టీమ్‌లో పని చేస్తున్నాను. మా రేసు కారు మీద ఖాళీ జాగా ఉండదండీ. బానెట్ ఒక కంపెనీకి, డోర్లు ఇంకో కంపెనీకి, వెనక భాగం మరొకరికి అద్దెకిస్తారు, ఆ అద్దెతోనే కారు నడుస్తుంది, మా అందరి ఇళ్లూ నడుస్తాయి. మా డ్రైవర్ గెలిచాడంటే చెమట తుడుచుకోకముందే ఆ కంపెనీలన్నిటికీ వరుస తప్పకుండా పేరుపేరునా థాంక్స్ చెప్పాలి, ఒక్కో కంపెనీ టోపీ పెట్టుకుని ఒక్కో ఫోటో దిగాలి. ఆ పేర్లు అతని చేత బట్టీ పట్టించడం, టోపీలు వరుసగా అందించడం నా పని. వరుసలో మొదటి పేరు ఒక విస్కీ కంపెనీది.

కంపెనీలను తిట్టడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఒక స్పాన్సర్ వెళ్లిపోతే, పదేళ్లుగా మా దగ్గర టైర్లు మార్చిన మనిషి తన పనిముట్ల పెట్టె మోసుకుంటూ గేటు దాటడం కళ్లారా చూశాను. నా గొంతులో ఎవరూ బలవంతంగా పోయలేదు. రేసు రోజున ఆ కంపెనీ అతిథులకు టెంట్‌లో మర్యాదలు చేయాలి, వాళ్లు గ్లాసెత్తితే నేనూ ఎత్తాలనుకున్నాను, ఉద్యోగం కోసం ఒకటి, మొహమాటానికి ఇంకొకటి, చివరికి ఏ కారణమూ అక్కర్లేకుండా పోయింది. టోపీల బ్యాగ్ అడుగున బాటిళ్లు పెట్టుకుని తిరిగేవాణ్ణి. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాలకు బహుమతులు తీసుకున్నవాణ్ణి, అయ్యో, ఎంత దూరం పోయాను!

పోయిన సంవత్సరం ఇక్కడే, మోరిస్‌విల్‌లో, మా తోడల్లుడు ప్రసాద్ అన్నయ్యగారి గృహ ప్రతిష్ఠ జరిగింది. ఇదే ఇల్లు, ఇదే హాలు, ఆ రోజు మీలో చాలామంది ఉన్నారు. అన్నయ్య ప్రేమతో, "తమ్ముడూ, కృతజ్ఞతా ప్రార్థన నువ్వు చెయ్యి" అన్నారు. నేను అప్పటికే బయట కారులో కూర్చుని తాగి వచ్చాను. లేచి, కళ్లు మూసుకుని, "థాంక్యూ" అన్నాను. తర్వాత దేవుని పేరు రావాలి కదా? విస్కీ కంపెనీ పేరు వచ్చింది! అక్కడితో ఆగానా సహోదరులారా, ఇంజిన్ ఆయిల్, బ్యాటరీలు, బోల్టులు, వరుస తప్పకుండా అన్ని కంపెనీలకూ థాంక్స్ చెప్పాను! కొందరు జోక్ అనుకుని నవ్వారు. సుహాసిని నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

ఇంటికి తనే డ్రైవ్ చేసింది. రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా గట్టిగా ప్రార్థన చేసింది: "ప్రభువా, ఈయన నోరు నువ్విచ్చిందే కదా తండ్రీ! ఎవరికో అద్దెకిచ్చేశారయ్యా. ఖాళీ చేయించు ప్రభువా, నీది నువ్వు తీసుకో!" ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. సిగ్గుతో, ఏడుపుతో నేను కూడా నోరు తెరిచి, "యేసయ్యా, నా వల్ల కావడం లేదు" అన్నాను. నా ప్రార్థన అంతే!

మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాం, మందులు వాడాను, తాగుడు మానినవాళ్ల మీటింగులకు వెళ్లాను, ఒళ్లంతా వణికిన రోజుల్లో మీరు ఉపవాసముండి నా కోసం ప్రార్థించారు, వీటన్నిటిలోనూ దేవుని చెయ్యి ఉంది. కాని బాస్‌తో ఎలా చెప్పడం? ఆ విస్కీ కంపెనీ పని చేయలేనంటే ఉద్యోగం పోవచ్చు, ఉద్యోగం పోతే వీసా పోతుంది, సామాను సర్దుకోవాల్సిందే. భయపడుతూనే వెళ్లి అంతా చెప్పేశాను. ఆ పెద్దాయన నాకు కుర్చీ చూపించి, "టోపీలు అంత బరువుండవని నాకెప్పుడో తెలుసు. నేనే ముందు అడగాల్సింది, సారీ" అన్నారు. మరుసటి వారం నన్ను టైర్ల సెక్షన్‌కి మార్చారు. దేవునికి స్తోత్రం!

ఇప్పటికి పదకొండు నెలలైంది. మా కారు బానెట్ మీద ఆ పేరు ఇంకా ఉంది, నా నోట్లో మాత్రం లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరైనా బ్యాగ్ అడుగున ఏదైనా దాచుకుని మోస్తుంటే, దాని బరువు ఆయనకు తెలుసు, భయపడకండి, ఆయన దగ్గరికి రండి, ఆయన మిమ్మల్ని నమ్మించి వదిలేసేవాడు కాదు.

ఆ రోజు ఈ హాల్లో నేను చెయ్యని కృతజ్ఞతా ప్రార్థన ఇంకా మిగిలే ఉంది. దయచేసి కళ్లు మూసుకోండి.

యేసయ్యా, థాంక్యూ. ముందు నీకే.

సుహాసినీ, ఆమేన్ నువ్వు చెప్పు.