రెండు మూతుల సింహం

అర్ధరూపాయి బిళ్ల కోసం ఠాణా మెట్లెక్కిన ఆడమనిషి మా ఊళ్లో నేనొక్కతెనే. దొంగతనం చేసి ఎక్కినా బాగుండేది, మూటైనా మిగిలేది. నేను తెలివి ఎక్కువై ఎక్కాను. ఎక్కిన దాన్ని ఎట్లా దిగానో చెబుతాను, వినండి. నవ్వేవాళ్లు నవ్వండి. నాకు మాత్రం ఇన్నేళ్లయినా నవ్వు రాదు, కడుపు మండుతుంది. ఎనిమిది అణాలండీ. దాన్ని మేము ఆఠాణ అనేవాళ్లం. ఆఠాణ ఉంటే ఇంటిల్లిపాదికీ ఉప్పు, మిరప, కిరసనాయిలు వచ్చే రోజులవి.

నయా పైసలు వచ్చిన కొత్త అది. ఏ ఇంట్లో ముల్లె విప్పినా నిజాం నాటి హాలీ సిక్కా, ఇంగ్లీషు రాజు తలకాయ ఉన్న కల్దారు, మూడు సింహాల కొత్త బిళ్లలు, వాటి నడుమ చిల్లర నయా పైసలు. అన్నీ ఒకే ముల్లెలో తోటికోడళ్లలా ఒకదాన్నొకటి గీరుకుంటూ ఉండేవి. ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో, ఏది ఖోటాదో, అంటే దొంగదో తెలియక ఆడవాళ్లు పరేషాన్ అయ్యేవాళ్లు. వాళ్లందరికీ కోర్టు మా ఇంటి రాతి గడప. జడ్జి నేను.

నేను చదివింది ఉర్దూ బడిలో రెండో జమాతు. అందులో గుర్తున్నది మౌల్వీ సాబు బెత్తం ఒక్కటే. ఈ నాలుగు తెలుగు ముక్కలు తరువాత పిల్లల పుస్తకాల మీద పడి నేర్చుకున్నవి. కాని బిళ్లను రాయి మీద కొట్టి, గోటితో గీకి, పంటి కింద పెట్టి "మంచిదే, తీసుకపో" అన్నానంటే చొప్పదండి సేట్లు కూడా మారు మాట్లాడకపోయేవాళ్లు. అట్లాగని నేనే అనుకునేదాన్ని. సేట్లను ఎవరూ అడగలేదు.

ఇక అసలు మంట. మా ఆడబిడ్డ రాజవ్వ ఒడిబియ్యానికి వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఒడిలో అన్నలూ వదినెలూ బియ్యం, కుడుకలు, పోకలు పోసి, పైన ఒక బిళ్ల పెట్టి పంపాలి కదా. నేను ఒక ఆఠాణ పెట్టాను. మా ఏరాలు కనకవ్వ, అంటే నా మగని తమ్ముని పెండ్లాం, తనూ ఒక ఆఠాణ పెట్టింది. వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. అంతటితో మంగళహారతి ఇచ్చి లేచిపోతే నేను ఈ రాతకు ఎక్కకపోయేదాన్ని. కాని నా చెయ్యి ఊరుకుంటుందా? కోతికి కొబ్బరికాయ దొరికితే ఏం చేస్తుందో, నాకు బిళ్ల కనబడితే అదే చేస్తాను. రాజవ్వ ఒడిలో నుంచి కనకవ్వ బిళ్ల తీసి వెలుతురుకు పట్టాను.

"కనకవ్వా, గిది నీదేనా?"

"నాదే అక్కా. ఏమైంది?"

"గీ సింహానికి రెండు మూతులున్నయి."

"మూడు సింహాలు గద అక్కా. మూతులు గూడ మూడుండాలె."

"నాకు లెక్కలు నేర్పకు. ఒక్కో సింహానికి రెండు మూతులు. సుట్టూ రాత గూడ జంటగ వడ్డది. జర కండ్లు తెరిచి సూడు."

నేను అబద్ధం ఆడలేదు, అది నమ్మండి. గీత పక్కన ఇంకో గీత నీడలా ఉంది. అక్షరాల కొసలు చేప తోకల్లా చీలి ఉన్నాయి. చింతపండుతో తోమాను, పోలేదు. గోటితో గీకాను, పోలేదు. ఎవరో సుత్తితో కొట్టి పాడుచేసింది కాదు, అరిగిపోయిందీ కాదు. పుట్టుకతోనే అట్లా పుట్టింది. ఇక్కడి దాకా నా చూపు నిక్కమే. మునిగింది చూపు వల్ల కాదు, బుద్ధి వల్ల. నా బుద్ధి ఏమన్నదంటే: సర్కారు తప్పు చేయదు. దీని మీద తప్పు ఉంది. కనుక ఇది సర్కారుది కాదు.

నవ్వకండి. ఆ రోజుల్లో సర్కారు కొత్తది.

"గిది ఖోటాది" అన్నాను, వాడకట్టు మొత్తానికీ వినబడేట్టు.

మా అత్త పమిట నోటికడ్డం పెట్టుకుంది. "ఓ నర్సవ్వ, శుభమా అని పిల్ల ఒడి నింపినం. ఇంట్ల పంచాయితి వెట్టకు."

"ఖోటా పైసతోటి నింపితే శుభమెట్లయితది అత్తా?"

కనకవ్వ లేచి నిలబడింది. "గది మా అన్న ఇచ్చిన బిళ్ల. పత్తి అమ్ముకున్న పైసలు. మా అన్న దొంగనా?"

"మీ అన్న దొంగ అంటలే. మీ అన్న చేతిల వడ్డది దొంగది అంటున్న."

"గా రెండిట్ల ఫరక్ ఏంది?"

"ఉంటది ఫరక్."

"అట్లయితే నీ రాయి మీదనే కొట్టి సూడు."

కొట్టాను. టంగుమని మోగింది. ఆడవాళ్లంతా నా వైపు చూశారు. అప్పుడైనా నోరు మూసుకోవాలి. "పాట మంచిగ పాడెటోళ్లందరు మంచోళ్లేనా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నేను ఉబ్బిపోయాను, పొయ్యి మీది జొన్నరొట్టెలాగా.

కనకవ్వ మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దున ఠాణాకు పోదాం. వాళ్లే చెప్తరు. గిది ఖోటాదైతే మా అన్న గడప నేను మల్ల తొక్క. గీ ఒడిబియ్యం మీద ఒట్టు. మంచిదైతే నువ్వు నా కాళ్లు మొక్కాలె, మల్ల ఎవ్వరి బిళ్ల ముట్టొద్దు."

చూడండి, ఒక ఆడమనిషి అర్ధరూపాయి మీద పుట్టిల్లును పణం పెట్టింది. తల్లీ తండ్రీ లేని పిల్ల ఆమె, ఉన్నది ఆ ఒక్క అన్న. బుద్ధున్నదైతే అక్కడే "పోనీలే" అనేది. నేనేమో చిన్నదాని కాళ్లు మొక్కడం ఏమిటి, ముక్కు కోసుకుంటానా అని మండిపడి, "పోదాం పా" అన్నాను. చారాణ కోడికి బారాణ మసాలా అంటారు. మేము ఆఠాణ బిళ్లకు రెండు కుటుంబాల మానం మసాలాగా వేశాం.

పొద్దున్నే చొప్పదండి ఠాణాకు నడిచాం. ముందు ఆమె, వెనుక నేను, నడుమ ఒక ఎడ్లబండి పట్టేంత ఎడం. రాజవ్వకు నేను పెట్టిన ఆఠాణను కూడా అడిగి తీసుకుని కొంగుకు ముడివేసుకున్నాను. సర్కారు ముద్ర ఎట్లా ఉండాలో పక్కన పెట్టి చూపించాలి కదా. సంతలో పెసర్లు అమ్మితే వచ్చిన బిళ్ల అది. ఎంత చక్కని బిళ్లనుకున్నారు? కాకిపిల్ల కాకికి ముద్దు, కొత్త బిళ్ల పిసినారికి ముద్దు.

ఠాణాలో జమేదారు పల్లికాయలు ఒలుచుకుంటున్నాడు. వరండాలో ఒక బక్క మనిషి చేతులకు బేడీలతో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఎవరో కోడిదొంగ అనుకున్నాను. అటు చూడకుండా, నేనెవరో జమేదారుకు తెలియాలని ముందు నా గొప్ప చెప్పుకున్నాను.

"ఊరందరి బిళ్లలు నా చేతుల మీదికెల్లే పోతయి సారు. నేను సూడంది ఒక్కటి గూడ చెల్లది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. జమేదారు గుర్తుపెట్టుకున్నాడు.

కనకవ్వ బిళ్ల ఇచ్చింది. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "నాకు జీతం లెక్కవెట్టుడే ఎరుక, గివన్ని ఎరుక లేదు" అని, బేడీల మనిషి వైపు తిరిగాడు. "అరే, నువ్వు సూడు. నీ దందానే గద."

అప్పుడు తెలిసింది, వాడు కోడిదొంగ కాదు. దొంగ బిళ్లలు పోసేవాడు. ఆ పూటే కరీంనగరం కచేరీకి తీసుకుపోతున్నారు. వాడు బేడీల చేతులతోనే బిళ్లను అందుకుని ఎండకు పట్టాడు. చూసి చూసి మొహం చిట్లించాడు.

"గిది ఖోటాదని ఎవరన్నరు?"

"నేనే" అన్నాను, తల ఎత్తి.

"అక్కా, గీ జవాన్లు నన్ను కొట్టిన్రు. ఊకున్న. ఊరంత తిప్పిన్రు. ఊకున్న. గీ మాట మాత్రం పడ. గిసొంటి పని నేను చేస్తనా? ముద్ర మీద ముద్ర వడ్డది. అచ్చు తయారుజేసెటప్పుడే రెండు దెబ్బలు వడ్డయి, రెండోది జర జరిగింది. గా అచ్చు కింద ఎన్ని బిళ్లలు వడితే అన్నిట్ల సింహానికి రెండు మూతులే. నేను గిట్ల జేస్తే మొదటి దుకాణంలనే దొరుకుత. నాకు జైలు భయముంటది. బిళ్లలు గుద్దే సర్కారు టంకశాలోనికి ఎవ్వని భయం?"

జమేదారు పల్లికాయ గొంతుకు అడ్డం పడేట్టు నవ్వాడు. "అంటే సర్కారుదేనా?"

"అసలు సిసలు సర్కారుది. గింత తప్పు చేసి మల్ల చెలామణి జేసే ధైర్యం ఇంకెవ్వనికి ఉంటది సారు?"

కనకవ్వ కళ్లు తుడుచుకుంది. అప్పుడైనా నేను నోరు మూసుకుంటే సగం మానం మిగిలేది. నాకు మిగలడం ఇష్టం లేదు. కొంగు ముడి విప్పి నా ఆఠాణను వాడి చేతిలో పెట్టాను.

"అట్లయితే గిది సూడు. సర్కారుదంటే గిట్లుండాలె. గీతకు గీత, మూతికి మూతి."

వాడు దాన్ని చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. సంతలో తప్పిపోయిన బిడ్డ దొరికితే తండ్రి అట్లా చూస్తాడు.

"బాగుందా అక్కా?"

"బంగారమసొంటి పని."

"నీ నోట్ల చక్కెర వొయ్య. ఇన్నేండ్లల్ల గింత మంచి మాట నన్ను ఎవ్వరు అనలే." జమేదారు వైపు తిరిగి చెప్పాడు: "సారు, గిది నాదే."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నా దగ్గర దొంగే తేలయ్యాడు.

జమేదారు పల్లికాయలు పక్కకు నెట్టి నిటారుగా కూర్చున్నాడు. "ఎవరిచ్చిన్రమ్మా గిది?"

"సంతల... పెసర్లకు..."

"ఎవరు?"

"ఎరుకలే సారు."

"ఊరందరి బిళ్లలు నీ చేతుల మీదికెల్లే పోతయని ఇప్పుడే అంటివి గద. వీని బిళ్లలు మీ దిక్కు ఎవరు మారుస్తున్నరా అని మేము ఎతుకుతున్నం. ఇంట్ల ఇంక ఎన్నున్నయి?"

కనకవ్వ వైపు చూశాను. ఆమె ఒక్క ఘడియ మాట్లాడకుండా నిలబడితే చాలు, రాత్రి మా ఆయన నా ముల్లెతో సహా ఠాణాకు రావలసి వచ్చేది. ఆమె నన్ను తలనుంచి కాలిదాకా చూసింది. చూసి, ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"సారు, మా అక్క దొంగ గాదు. ఆమెకు బిళ్లలు గుర్తువట్టుడు రాదు. మంచిదాన్ని ఖోటాదంటది, ఖోటాదాన్ని మంచిదంటది. మీ ముందటనే అన్నది గద."

"నిజమేనా అమ్మా?"

నిజమంటే ఇన్నేళ్ల నా పెద్దరికం పాయె. కాదంటే నేను లోపలికి పోతాను.

"నిజమే సారు."

"ఇనవడ్తలే."

"నాకు రాదు సారు. బిళ్లలు గుర్తువట్టుడు నాకు రాదు."

వరండాలో కూర్చున్న వాళ్లందరూ విన్నారు. అందులో మా ఊరి చాకలాయన కూడా ఉన్నాడు, నా కర్మకు. బేడీల మనిషి నా పక్షాన మాట్లాడాడు: "ఇడిచిపెట్టుండ్రి సారు. గిసొంటోళ్లు ఊరికొకరుంటేనే మాసొంటోళ్లు బతుకుతరు."

జమేదారు నా బిళ్లను తన డబ్బాలో వేసుకున్నాడు.

"మరి నా ఆఠాణ?" అన్నాను. ప్రాణం మీదికి వచ్చినా పైస పైసే కదా.

"ఖోటాదానికి బదులియ్యాల్నా? నడువమ్మా."

తిరుగుదారిలో ఊరు ఇంకా కనబడకముందే ఆగాను. "కనకవ్వా, ఆగు. కాళ్లు మొక్కుత. గిక్కడైతే ఎవ్వరు లేరు."

"వద్దక్కా."

"మాటంటే మాటే. నిలవడు."

"నీ కండ్లకు నా కాళ్లు నాలుగు కనవడ్తయి. ఏవి మొక్కుతవు?"

అన్నది కాక, దారి పొడుగునా అదే తలచుకుని తలచుకుని నవ్వింది. జైలు తప్పించిన మనిషి కనుక ఏమీ అనలేక పళ్లు కొరుక్కుంటూ నడిచాను.

ఇల్లు చేరేసరికి చాకలాయన మాకంటే ముందే చేరాడు. రాజవ్వకు మారు ఆఠాణ ఇయ్యాలి కదా. ప్రాణం పోతున్నట్టు ముల్లె విప్పి ఒకటి తీశాను. కనకవ్వ దాన్ని నా చేతిలో నుంచి లాక్కుని, నా గడప మీద, నా రాయి మీద, వాడకట్టు అంతా చూస్తుండగా టంగుమని కొట్టి, "మంచిదే రాజవ్వా, తీసుకపో" అన్నది. ఆ నాటి నుంచి కోర్టు అదే, జడ్జి మారింది.

రెండు మూతుల సింహాన్ని రాజవ్వ బస్సు కిరాయికి ఇచ్చేసింది. కండక్టరు మూతులు లెక్కపెట్టనే లేదట. అట్లా అచ్చు జారిన బిళ్లలను వెతికి వెతికి వందలు పోసి కొనేవాళ్లున్నారని ఈ మధ్య ఎవరో చెబితే మళ్లీ ఒళ్లు మండింది. సర్కారు సక్రమంగా చేసిన అర్ధరూపాయి అర్ధరూపాయే. తప్పు చేస్తే వందలు. ఇదెక్కడి న్యాయం?

అందుకే అగ్గి సాక్షిగా, పొయ్యి ముందు కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఎక్కడ తప్పు కనబడినా దొంగల మీద నింద వేయను, ముందుగా అది సర్కారు పనే అనుకుంటాను. ఆ ఒట్టు తప్పవలసిన అవసరం సర్కారు నాకు ఇంతవరకూ రానీయలేదు.